మానిటర్‌లో మెరూన్

ఒక మానిటర్ కొనడానికి నేను మూడు వారాలు చదివాను. డిగ్రీ పరీక్షలకు కూడా అంత చదవలేదు. కరోనా మొదటి ఏడాది, లాక్‌డౌన్ ఎత్తేసి సూరత్‌లో దుకాణాలు సగం షట్టర్లు లేపిన రోజులవి. ఇంటి నుంచి పనిచేసేవాళ్లంతా ఒక్కసారిగా మానిటర్ల మీద పడ్డారు. మంచివన్నీ అయిపోతాయని నాకు ఒకటే గాబరా. పొద్దున లేస్తే ఫోన్‌లో మానిటర్ల వీడియోలు, అన్నం తింటూ అవే వీడియోలు. "పెండ్లి సంబంధం గూడ ఎవ్వలు ఇంతగనం చూడరే" అని అమ్మ విసుక్కునేది.

నా పని చీరల డిజైన్లు గీయడం. రింగ్ రోడ్డు మీది ఒక టెక్స్‌టైల్ మార్కెట్‌లో మా శేఠ్‌కు చిన్న ఆఫీసు ఉంది. నేను కంప్యూటర్‌లో పువ్వులు, అంచులు, కొంగులు గీస్తే ఆ ఫైలు మిల్లుకు పోయి గుడ్డ మీద అచ్చవుతుంది. లాక్‌డౌన్‌లో శేఠ్ ఇంటి నుంచే పని చేయమన్నాడు గానీ ఆఫీసు మానిటర్‌ను మాత్రం గడప దాటనివ్వలేదు. మా ఇంట్లో ఉన్నది ఎవరో వాడి వదిలేసిన పాతది. దాని మీద గులాబీ గీస్తే బంతిపువ్వులా కనిపించేది. కాబట్టి కొత్త మానిటర్ కావాలన్న మాట అబద్ధం కాదు. ఎలాంటి మానిటర్ అన్న దగ్గర అబద్ధం మొదలైంది.

నేను గేములు ఆడతాను. ఈ మాట చెప్పేటప్పుడు ఇప్పటికీ నా గొంతు దానంతటదే తగ్గుతుంది. ఇరవై ఆరేళ్ల ఆడపిల్లను, సూరత్ లింబాయత్‌లో రెండు గదుల ఇంట్లో కూర్చుని, ముక్కూమొహం తెలియని వాళ్లతో కలిసి తుపాకులు కాల్చే ఆట ఆడేదాన్ని. బాపు డ్యూటీకి పోయాక, అమ్మ పక్కింట్లో చీరలకు రాళ్లు అంటించడానికి కూర్చున్నాక, మధ్యాహ్నాలు ఆడేదాన్ని. ఆడపిల్ల గొంతు వింటే అవతలివాళ్లు ఏమేం కూస్తారో తెలుసు కాబట్టి మైకు మూసి ఆడేదాన్ని. బాగా ఆడేదాన్ని కూడా. ఆ పాత మానిటర్ మీద మాత్రం మెట్ల కింద చీకట్లో నక్కినవాడు నాకు కనిపించేలోపే నన్ను కాల్చేసేవాడు. రోజుకు పదిసార్లు అలా చచ్చేసరికి ఒళ్లు మండిపోయేది.

నా మూడు వారాల చదువులో తేలింది ఇదీ. మధ్యరకం ధరలో అన్నీ ఉన్న మానిటర్ దొరకదు, ఏదో ఒకటి వదులుకోవాలి. ఒక రకం ఉంటుంది, చూడ్డానికి సాదాసీదాగా, బల్లపరుపుగా ఉంటుంది, రంగుల్ని ఉన్నదున్నట్టు చూపిస్తుంది. కానీ బొమ్మ సెకనుకు డెబ్బై అయిదు సార్లే మారుతుంది. అంటే శత్రువు పరుగెత్తుతుంటే కొంచెం మసకగా కనిపిస్తాడన్నమాట. ఇంకో రకం వంపు తిరిగి ఉంటుంది, సెకనుకు నూట నలభై నాలుగు సార్లు మారుతుంది, ఆటలో ప్రతి కదలికా కత్తితో కోసినట్టు కనిపిస్తుంది. రంగులు మాత్రం దాని ఇష్టం. చీరలు గీసేదానికి మొదటి రకమే కావాలి, ఇందులో రెండో మాట లేదు, ప్రతి వీడియోలోనూ అదే చెప్పారు. నేను రెండో రకాన్ని మెచ్చుకున్న వీడియోలను వెతికి వెతికి చూశాను. వేగంగా మారే బొమ్మ వల్ల కళ్లు అలసిపోవని ఎవరో అంటే, పనికి కూడా ఇదే మంచిదని నాకు నేను సర్ది చెప్పుకున్నాను.

దుకాణానికి నేనొక్కదాన్నే పోదామనుకున్నాను. బాపు ఒప్పుకోలేదు.

"రంగు కొనేటప్పుడు నేను రాకుంటె ఎట్లనే?" అన్నాడు.

బాపుది సిరిసిల్ల దగ్గర ఒక ఊరు. మగ్గాల మీద పనికని సూరత్ వచ్చి, కొన్నాళ్లకు కడోదరాలో బట్టలకు రంగులద్దే మిల్లులో చేరాడు. మొదట రంగులు తూచి కలిపే పని, తర్వాత షేడ్ చూసే పని. మిషన్ మీద కొత్త సరుకు మొదలైనప్పుడల్లా మొదటి మీటరు గుడ్డ చింపి, దాన్ని గేటు దగ్గర ఎండ వెలుగులోకి తీసుకుపోయి, నమూనా ముక్కతో పోల్చి, పాస్ అనాలి. ఆయన పాస్ అంటేనే మిషన్ నడిచేది. రెండు ఎరుపుల మధ్య మిగతావాళ్లకు తేడా తెలియకపోయినా బాపుకు తెలిసేది. రాణి గులాబీ, రామా ఆకుపచ్చ, ఫిరోజీ నీలం, గాజరి ఎరుపు అంటూ నేను అక్షరాలకన్నా ముందు రంగుల పేర్లు నేర్చుకున్నది ఆయన దగ్గరే. నేను ఈ పనిలోకి రావడానికి కూడా అదే కారణం.

దుకాణంలో మాస్కులు పెట్టుకుని అయిదారుగురు ఉన్నారు. గోడ పొడుగునా మానిటర్లు వెలుగుతున్నాయి. బాపు చేతి సంచిలోంచి ఒక గుడ్డముక్కల కట్ట తీశాడు. పసుపు, రాణి, నెమలికంఠం, మెరూన్. నన్ను ఒక్కో మానిటర్‌లో ఆ రంగు తెరవమని చెప్పి, గుడ్డను తెరకు ఆనించి, కళ్లు చికిలించి చూడ్డం మొదలుపెట్టాడు. దుకాణదారు నవ్వి, ఇది బట్టల కొట్టు కాదు కాకా అని హిందీలో అన్నాడు. వెనకాల ఇద్దరు కుర్రాళ్లు కిసుక్కుమన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"బాపూ, అవ్వి లోపల పెట్టు. నవ్వుతున్నరు."

"నవ్వనీ. గిది చూడు బిడ్డా, గుడ్డ ఎట్లుందో గట్లనే చూపెడ్తుంది." ఆయన చెయ్యి పెట్టింది మూలన ఉన్న సాదా మానిటర్ మీద. నేను మూడు వారాలు చదివి తెలుసుకున్నదాన్ని ఆయన మూడు నిమిషాల్లో, నాలుగు గుడ్డముక్కలతో చెప్పాడు. తర్వాత నేను చూపించిన వంపు మానిటర్ దగ్గరికి వచ్చి, "గిదేంది, గిట్ల వంగింది? ఖరాబు పీసా?" అన్నాడు. కుర్రాళ్లు ఈసారి పైకే నవ్వారు.

"ఆఫీసోళ్లు గిదే తీస్కొమ్మన్నరు బాపూ" అన్నాను. ఆఫీసువాళ్లు అలాంటిదేమీ అనలేదు.

"ఆఫీసోళ్లకు ఎరుకుంటది తియ్యి" అని బాపు గుడ్డముక్కలు మళ్లీ మడత పెట్టుకున్నాడు. వాటిని ఎంత తొందరగా మడిచాడో నాకు గుర్తుంది. నేను సిగ్గుపడుతున్నానని ఆయనకు తెలిసిపోయింది. ఆ రోజు నేను సిగ్గుపడాల్సింది ఆయన గురించి కాదు.

మేం కొన్న ఆ వంపు మానిటర్ వెనక చిన్న మీట ఉంటుంది. దాన్ని నొక్కితే తెర మీద సెట్టింగుల పట్టీ ఒకటి వస్తుంది, అందులో ఆటల కోసమే పెట్టిన ఏర్పాటు ఒకటి. అది పెంచేకొద్దీ తెర మీద చీకటి భాగాలు వెలుగొస్తాయి. వెలుగు భాగాలు అలాగే ఉంటాయి. మెట్ల కింద నక్కినవాడు, గోడ నీడలో నిలబడ్డవాడు, అందరూ పట్టపగల్లా కనిపిస్తారు. నేను దాన్ని పైకంటా పెంచాను. ఆ వారంలోనే నా ఆట ఎక్కడికో వెళ్లిపోయింది. మొదట్లో పనికి కూర్చునే ముందు బుద్ధిగా మీట నొక్కి దాన్ని సున్నాకు తెచ్చేదాన్ని. నెల తిరిగేసరికి బద్ధకం వచ్చింది. నేను గీసేవన్నీ అప్పుడు లేత రంగులే, వాటికి దానితో ఏమీ తేడా పడలేదు. తర్వాత అసలు దాని సంగతే మరిచిపోయాను.

రెండో వేవ్ మొదట్లో బాపుకు జ్వరం వచ్చింది. పదిహేను రోజులు లోపలి గదిలో ఒక్కడే పడుకున్నాడు. ప్రాణానికి ఏం కాలేదు గానీ వాసన పోయింది. రంగు మందు డబ్బా మూత తీస్తే వాసనతోనే అది ఏ రంగో చెప్పగల మనిషి, పోపు మాడినా తెలుసుకోలేకపోయేవాడు. "ముక్కు పోయింది. ఇగ ఏమేం పోతయో" అని నవ్వుతూనే అనేవాడు గానీ భయపడుతున్నాడని నాకు తెలుసు. తెలిసి కూడా తర్వాత నేనన్న మాట అన్నాను.

మా ధందాలో డిజైన్ ఫైలు బయటివాళ్లకు పంపరు. పంపితే వారం తిరక్కముందే అదే చీర పక్క మార్కెట్‌లో వేలాడుతుంది. మామూలు రోజుల్లో ఒక మీటరు గుడ్డ అచ్చు వేసి సరుకు కొనే వ్యాపారికి నమూనాగా పంపిస్తారు. అతను ఒప్పుకుంటే అదే ముక్క మిల్లుకు చేరుతుంది, షేడ్ చూసే మనిషి దానితో పోల్చుకుంటాడు. రెండో వేవ్‌లో పార్సిళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయి నమూనాలు పంపే దారి లేకుండా పోయింది. అందుకని శేఠ్ కొత్త పద్ధతి పెట్టాడు. మానిటర్ మీద డిజైన్ తెరిచి, ఫోన్‌తో తెరకే ఫోటో తీసి పంపమన్నాడు. ఫోటోలోంచి ఎవడూ చీర దొంగిలించలేడని ఆయన ధైర్యం. వ్యాపారికీ ఆ ఫోటోయే, మిల్లులో షేడ్ చూసే మనిషికీ ఆ ఫోటోయే. అసలు ఫైలు నేరుగా ప్రింటింగ్ మిషన్‌కు పోయేది. ఆ నాలుగు నెలలు శేఠ్‌తో సహా అందరూ చూసింది నా మానిటర్ చూపించిన రంగునే.

శ్రావణం పెళ్లిళ్ల కోసం కరీంనగర్ వైపు వ్యాపారి ఒకాయన పెద్ద ఆర్డరు ఇచ్చాడు. ముదురు మెరూన్ చీర. ఒళ్లంతా అదే రంగులో కొంచెం తేడాగా సన్నటి పూలతీగ. నేను నాలుగు రోజులు కష్టపడి గీశాను. నా తెర మీద తీగ చక్కగా తేలింది, మెరూన్ నిండుగా ఉంది. ఇంకా కొంచెం ముదురు చేస్తే పట్టులా ఉంటుందని ముదురు చేశాను. ఫోటో తీసి పంపాను. వ్యాపారికి నచ్చింది. ఫైలు బాపు వాళ్ల మిల్లుకే పోయింది.

మిషన్ మొదలైన రోజు మధ్యాహ్నం రెండింటికి బాపు ఫోన్ చేశాడు. నేను ఆట మధ్యలో ఉన్నాను.

"బిడ్డా, గుడ్డ నల్లగ వస్తుందే. నీ ఫోటోల మెరూన్ ఉంది, గుడ్డ మీద మెరూన్ లేదు. పువ్వు గూడ కనవడ్త లేదు."

"లైట్ల కింద చూస్తున్నవేమో బాపూ."

"ఎండల నిలవడ్డ. గుడ్డ ఫోటో పంపిన, జర చూడు."

చూశాను. ఫోన్‌లో నల్లగానే ఉంది. ఇక్కడ నేను నిజం చెప్పాలి. ఫోన్‌లో అది నల్లగా ఉందని నా కళ్లు చెప్పాయి. ఆటలో నా జట్టువాళ్లు ముగ్గురు చచ్చిపోయి నేనొక్కదాన్నే మిగిలాను, ఆ తొందరలో ఫోటోను మానిటర్‌లో తెరిచాను. అక్కడ మెరూన్ ఉంది. చీకటిని వెలుగు చేసే ఏర్పాటు డిజైన్‌ను మార్చినట్టే ఆ ఫోటోను కూడా మార్చింది. నాకు కావలసిన జవాబు దొరికింది, ఇంకేం ఆలోచించలేదు.

"నాకైతే మెరూనే కనవడ్తుంది. నీ కండ్లకు అట్లున్నదేమో. పాస్ చెయ్ బాపూ."

"మంచిగ చూసినవా?"

"చూసిన అంటున్న గదా."

"సరే, నీ పెద్ద దాంట్ల నీకు మంచిగ కనవడ్తది" అని పెట్టేశాడు. ముప్పై ఏళ్లలో ఆయన ఇంకొకరి మాట మీద పాస్ చేసిన గుడ్డ అదొక్కటే. నేను ఆ ఆట గెలిచాను కూడా.

మూడో రోజు మధ్యాహ్నం బాపు ఒక కోత ముక్క ఇంటికి తెచ్చాడు. సరుకంతా అలాగే వచ్చిందనీ, శేఠ్ మిల్లుకు ఫోన్ చేసి అరిచాడనీ చెప్పి, ముక్కను నా బల్ల మీద పెట్టి, మోరీ దగ్గరికి కాళ్లు కడుక్కోవడానికి పోయాడు. నేను దాన్ని పట్టుకుని వాకిట్లోకి పోయాను. నలుపు. బాగా వంచి చూస్తే ఎక్కడో అడుగున ఎరుపు జాడ. నాలుగు రోజులు గీసిన తీగ ఆ నలుపులో మునిగిపోయింది. పెళ్లిచీర అని చెప్పి నల్లచీర అచ్చు వేయించామన్నమాట.

లోపలికి వచ్చి మానిటర్‌లో డిజైన్ తెరిచాను. నిండు మెరూన్. చేతిలో గుడ్డ, ఎదురుగా తెర. అప్పుడు తట్టింది. మానిటర్ వెనక వేలు పెట్టి మీట నొక్కాను. ఆ ఏర్పాటును ఒక్కో మెట్టు దించుతుంటే నా కళ్లముందే మెరూన్ కిందికి దిగిపోయింది, పూలతీగ కరిగిపోయింది. సున్నాకు వచ్చేసరికి తెరా గుడ్డా ఒకటే రంగు. గుడ్డను బల్ల మీద పడేసి కుర్చీలో కూర్చున్నాను.

సరిగ్గా అప్పుడే శేఠ్ వీడియో కాల్ వచ్చింది.

ఈ తర్వాత జరిగినదాన్ని నేను చాలా రకాలుగా చెప్పుకున్నాను. భయపడ్డానన్నాను, ఉద్యోగం పోతే ఇల్లు ఎట్లా గడుస్తుందన్నాను, ఆలోచించే టైము లేదన్నాను. టైము ఉంది. ఫోన్ నాలుగుసార్లు మోగేదాకా నేను ఎత్తలేదు. ఆ నాలుగు మోతల్లో నా వేలు మీట మీదికి మళ్లీ పోయింది. ఒక్కో మెట్టు ఎక్కించింది. మెరూన్ తిరిగి పైకి వచ్చాక ఫోన్ ఎత్తాను.

"బేటా, గల్తీ ఫైల్ కీ హై యా షేడ్ కీ?" అన్నాడు శేఠ్. తప్పు నాదా, మిల్లుదా అని.

ఫోన్ కెమెరా తెర వైపు తిప్పి చూపించాను. ఆయన చూశాడు. బాగానే ఉంది కదా అన్నాడు. అక్కడితో ఆగినా సరిపోయేది. నేను ఆగలేదు. షేడ్ పాస్ చేసింది మా నాన్నేననీ, కరోనా వచ్చి పోయినప్పటి నుంచి ఆయనకు వాసన తెలియడం లేదనీ, కళ్లు కూడా కొంచెం తేడా చేస్తున్నాయనీ, పెద్దాయన, ఏమనకండి అనీ హిందీలో గడగడా చెప్పాను. నా గొంతులో ఎంత జాలి పలికిందో! కన్నకూతురే చెబుతుంటే ఇంకెవరు అనుమానిస్తారు? శేఠ్ మెత్తబడి, పాపం అని పెట్టేశాడు.

వెనక్కి తిరిగితే బాపు మోరీ దగ్గర తడి కాళ్లతో నిలబడి ఉన్నాడు. ఆయనకు హిందీ నాకన్నా బాగా వచ్చు. తువ్వాలతో కాళ్లు తుడుచుకుని, బల్ల మీది ముక్క తీసుకుని, తెర దగ్గర పెట్టి చూశాడు. తెర మీద మెరూన్, చేతిలో నలుపు. ముక్కను దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. ఒక కన్ను మూసి చూశాడు. తర్వాత అమ్మను అన్నం పెట్టమన్నాడు.

మర్నాడు ఆయనే మిల్లు మేనేజర్ దగ్గరికి పోయి, నాకు కళ్లు ఆనడం లేదు, షేడ్ పనికి ఇంకొకరిని చూసుకోండి అని చెప్పాడు. ఆయన్ను మడతల ఖాతాలో వేశారు. అచ్చయిన గుడ్డను కొలిచి, మడిచి, కట్టలు కట్టే చోటు. అక్కడ రంగుతో పనిలేదు. ముప్పై ఏళ్లు గేటు దగ్గర ఎండలో నిలబడ్డ మనిషి లోపల ట్యూబులైటు కింద కూర్చున్నాడు.

నేను ఆయన్ను కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. అది కూడా నటనే. వయసుకు తగ్గ చత్వారం తప్ప ఏమీ లేదన్నాడు డాక్టరు. బాపు నమ్మలేదు. "ఆయన అక్షరాలు చదివిచ్చిండు గని రంగులు అడిగిండా?" అన్నాడు. దారిలో ఆటోలో మాస్కు వెనక ఆయన మొహం కనిపించకపోవడం నాకు హాయిగా ఉండింది.

ఆ తర్వాత మొదలైన సంగతి చెప్పాలంటే ఇప్పటికీ నాకు మొహం చెల్లదు. డ్యూటీకి పోయేముందు రోజూ ఒక పావుగంట బాపు నా మానిటర్ ముందు స్టూలు వేసుకుని కూర్చునేవాడు. ఒడిలో గుడ్డముక్కలు. కళ్లకు మళ్లీ రంగులు నేర్పుకోవాలని ఆయన ఆశ. నేను అప్పటికే ఆ ఏర్పాటును తీసేశాను, ఆట కూడా మానేశాను. మానేస్తే పాపం కొంత తగ్గుతుందనుకున్నానేమో తెలియదు. ఎంత సున్నాకు తెచ్చినా ఆ మానిటర్ రంగులు కొంచెం తేడాయే. ఆయన మాత్రం దాన్నే సరైనదనుకుని, గుడ్డను చూసి తెరను చూసి, "గిది గాజరి అనుకుంటున్న. గాజరేనా బిడ్డా?" అని అడిగేవాడు. నాకు రంగుల పేర్లు నేర్పిన మనిషి నన్ను అడిగేవాడు. నేను "అవును బాపూ" అనేదాన్ని. మా ఇద్దరి పాఠం అయ్యాక టిఫిన్ డబ్బా తీసుకుని కడోదరా ఆటో ఎక్కేవాడు.

నాలుగు నెలలు అలా గడిచాయి. ప్రతి రోజూ చెబుదామనుకునేదాన్ని. ప్రతి రోజూ ఏదో ఒకటి అడ్డం వచ్చేది, లేకపోతే నేనే తెచ్చుకునేదాన్ని.

చలికాలంలో మా చుట్టాలింట్లో పెళ్లి కుదిరింది. అమ్మ రెండు చీరలు తెచ్చుకుని మంచం మీద పరిచింది. పెళ్లయినప్పటి నుంచి అమ్మ బాపుకు చూపించకుండా ఒక్క చీర కట్టి ఎరగదు. ఆయన ఇది అంటే ఇదే.

"ఏది మంచిగుంది చెప్పు" అంది అమ్మ.

బాపు రెండింటినీ చేత్తో తడిమాడు. చూడలేదు. "బిడ్డను అడుగు. నాకేం తెలుస్తది" అని చెప్పులేసుకుని బయటికి పోయాడు. అమ్మ చీరలు మడవకుండా అలాగే మంచం అంచున కూర్చుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఎదురుగా నిలబడి ఉన్నాను, నా వైపు చూడనైనా లేదు.

మర్నాడు పొద్దున బాపు స్టూలు వేసుకోగానే చెప్పాను. ముందు మాటల్లో చెప్పలేకపోయాను. ఆ మెరూన్ డిజైన్ తెరిచి, మీట నొక్కి పైకి ఎక్కించాను, కిందికి దించాను. మెరూన్ అయింది, నలుపయింది.

"గిదేంది?" అన్నాడు.

"గేములకు పెట్టుకునేది బాపూ. నేను గేములు ఆడుత. ఆ దినం గిది తీయలే. నువ్వు ఫోన్ చేసినప్పుడు గూడ ఆడుతనే ఉన్న. శేఠ్ ఫోన్ చేసినప్పుడైతే నాకు ఎరికే. ఎరికుండే మల్ల పెట్టిన."

"మల్లొక్కసారి తీయి." తీశాను. "పెట్టు." పెట్టాను. "తీయి." ఆయన తెరను చూడ్డం లేదు, ఒడిలోని గుడ్డముక్కను చూస్తున్నాడు.

"అంటే ఆ దినం నేను నల్లగుందన్నది కరెక్టేనా?"

"కరెక్టే బాపూ."

"నా కండ్లకు ఏం కాలే?"

"ఏం కాలే."

ఆయన కోపం తెచ్చుకుంటాడని, కొడతాడని, కనీసం లేచి వెళ్లిపోతాడని నేను ఒళ్లు బిగబట్టుకుని కూర్చున్నాను. ఆయన నవ్వాడు. నోరారా నవ్వాడు. "ఓయ్, ఇన్నవా, నా కండ్లు మంచిగనే ఉన్నయంటనే!" అని వంటింట్లోకి కేకేశాడు. లేచి వాకిట్లోకి పోయి, గుడ్డముక్కలు ఒక్కొక్కటే ఎండకు పెట్టి, రాణి, రామా, ఫిరోజీ అని పైకే చెప్పుకున్నాడు. ఎవరినీ అడగలేదు. అమ్మ గరిటె పట్టుకుని వచ్చి, ఏమైందో అర్థం కాకపోయినా ఆయన్ను చూసి నవ్వింది. ఆయన తిట్టి ఉంటే నేను తట్టుకునేదాన్ని. ఆ సంతోషాన్ని మాత్రం తల ఎత్తి చూడలేకపోయాను. నాలుగు నెలలు నేను ఆయన దగ్గరి నుంచి ఏం లాక్కున్నానో అప్పుడు తెలిసింది.

లోపలికి వచ్చాక నెమ్మదిగా అడిగాడు.

"శేఠ్‌కు ఎరికేనా?"

"తెల్వదు. చెప్త బాపూ. ఇయ్యాల్నే చెప్త. మీ మేనేజర్‌కు గూడ నేనే చెప్త. నిన్ను మల్ల షేడ్ మీదికి తీసుకుంటరు."

బాపు స్టూలు మీద కూర్చుని గడ్డం గోక్కున్నాడు. "ఒద్దు. నీ నౌకరి పోతది. మల్ల ఈ బజార్ల నిన్ను ఎవ్వలు పెట్టుకోరు. నాదేముంది, ఇంకో రెండేండ్లు. కూసొని మడతలు పెట్టే పని, అల్కటిది" అన్నాడు.

"సరే బాపూ" అన్నాను.

వెంటనే అన్నాను. ఆయన మాట పూర్తయిందో లేదో నా నోట్లోంచి వచ్చేసింది. నా గుండె మీద బరువు దిగినట్టయింది కూడా. బాపు ఇంకొంచెం సేపు నా మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు. నేను కాదంటానేమో, లేదు బాపూ చెప్పాల్సిందేనంటానేమో అని చూశాడని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు కూడా తెలుసు. నేను తెర వైపు తిరిగి ఆ రోజు గీయాల్సిన ఫైలు తెరిచాను. ఆయన టిఫిన్ డబ్బా తీసుకుని మడతలు పెట్టడానికి పోయాడు.